తొమ్మిదెకరాల ఎర్రనేల: గొర్రెల మందను నిలపాలా, కంచె వేసి దూరంగా ఉంచాలా?

ఎర్రనేల_తొమ్మిదెకరాలు
కళ్యాణదుర్గం వైపు మాకు తొమ్మిది ఎకరాల ఎర్రనేల ఉంది. మా నాన్నగారు ముప్పై ఏళ్లపాటు ప్రతి ఖరీఫ్‌లోనూ వేరుశనగే వేశారు. కాయ పీకేటప్పుడు చెట్టు వేరుతో సహా కళ్లానికి వచ్చేది, కట్టె మేతకో అమ్మకానికో పోయేది, నేలకు తిరిగి దక్కింది ఏమీ లేదు. రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది 600 అడుగులు దించితే దుమ్ము తప్ప చెమ్మ కూడా రాలేదు. గట్టి వాన పడితే పావుగంటలో నీళ్లు ఎర్రగా వంకలోకి పరుగెత్తుతాయి, మర్నాడు మూరెడు లోతు తవ్వితే కింద పొడి మట్టే కనిపిస్తుంది.

బెంగళూరు ఉద్యోగం మానుకొని ఈ నేలను మళ్లీ బతికించాలని వచ్చాను. ఏటా వేసవిలో మా ఊరి మీదుగా గొర్రెల మందలు పోతుంటాయి. మా చిన్నాన్న వాటిని పొలంలో నిలపమంటున్నారు. పక్క పొలం ఆయన మాత్రం గొర్రెలను రానిచ్చాక ఆ నేల మీద ఆశ వదులుకోవాల్సిందేనని, చుట్టూ ముళ్లకంచె వేసి మూడేళ్లు ఏ పశువునూ రానివ్వవద్దని గట్టిగా చెబుతున్నారు. ఇద్దరూ నలభై ఏళ్లు వ్యవసాయం చేసినవాళ్లే కాబట్టి ఎవరి మాట తీసివేయాలో తేల్చుకోలేకపోతున్నాను.

వంకగట్టు
కంచె వేయండి. మా గుట్ట వాలులో ఐదెకరాలు ఏడాది పొడవునా మేపుకు వదిలేసినందుకు రాయి తేలింది. నాలుగేళ్లు మూసి ఉంచిన తర్వాత గరిక, తంగేడు, రేగు వాటంతట అవే వచ్చాయి, ఒక్క విత్తనం కూడా నేను చల్లలేదు.

కంబళి_మంద
మాది తాతల నాటి నుంచి మంద పెంపకమే కనుక ఈ విషయం నేను చెప్పకుండా ఉండలేను. పొలంలో మంద కట్టడం, బీడులో మేపడం అనేవి రెండు వేరు వేరు పనులు. మంద కట్టినప్పుడు గొర్రెలు పగలంతా ఎక్కడో మేసి, రాత్రికి మీ పొలంలోని వలల దొడ్డిలో పడుకుంటాయి. పెంట, మూత్రం అక్కడే పడతాయి, తెల్లవారగానే వెళ్లిపోతాయి. మర్నాడు రాత్రి దొడ్డిని పక్కకు జరుపుతాం. మాకు 300 గొర్రెలు ఉన్నాయి కనుక ఎకరం నిండాలంటే మూడు నాలుగు రాత్రులు పడుతుంది. ఇందులో మీ నేల నుంచి గొర్రె తీసుకునేది ఎండిన మోళ్లు మాత్రమే. ఇంకెక్కడో మేసిన గడ్డిని తెచ్చి మీ పొలంలో వేసి పోతుంది.

మా తాత కాలంలో రైతు ఇంటికి వచ్చి పిలిచి, వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేవాడు. ఇప్పుడు రాత్రికి ఇంత అని డబ్బులు ఇస్తున్నారు. గొర్రెలు నేలను పాడు చేస్తాయనే మాట నిజంగా వర్తించేది ఊరి బీడు భూముల విషయంలో. అదీ ఎందుకంటే, బీడు సగం పట్టాలకు పోయింది, మిగిలిన సగంలో కంపచెట్లు కమ్మేశాయి, వందల గొర్రెలు దారిలేక రోజూ అదే నలభై ఎకరాల్లో తిరగాల్సి వస్తోంది.

పశువైద్యుడు_విశ్రాంత
వంకగట్టు గారు చూసిందీ నిజమే, కంబళి_మంద గారు చెప్పిందీ నిజమే. మధ్యలో జరిగే సంగతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

గడ్డిపోచను ఒకసారి కొరికినప్పుడు అది వేరులో దాచుకున్న బలంతో మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురు ఆకుగా నిలబడి, ఎండను పట్టి, తీసుకున్న బలాన్ని వేరుకు తిరిగి ఇవ్వకముందే రెండోసారి కొరికితే వేరు కుదించుకుపోతుంది. అలా పదేపదే కొరికితే చివరకు చస్తుంది. అందువల్ల పది గొర్రెలే అయినా రోజూ అదే చోట మేస్తే బీడు చస్తుంది, వెయ్యి గొర్రెలు ఒక్క రోజు మేసి రెండు నెలలు రాకుండా ఉంటే బీడు తేరుకుంటుంది. లెక్కించవలసింది గొర్రెల సంఖ్య కన్నా ముందు, అవి మళ్లీ వచ్చే వరకు దొరికిన విరామం.

ఇక ఎర్రనేలకు ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. వానచినుకు నేరుగా తగిలితే పైమట్టి రేణువులు చెదిరి, సందులు పూడి, ఆరిన తర్వాత పెంకులాగా గట్టిపడుతుంది. మీ పొలంలో పావుగంటకే నీరు పారడానికి కారణం ఈ పెంకే. పొడిగా ఉన్నప్పుడు గిట్టలు తగిలితే పెంకు పగులుతుంది, తడిగా ఉన్నప్పుడు తగిలితే మట్టి మరింత అణిగిపోతుంది. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో మందను ఎండిన నేల మీద నిలపండి, వాన పడిన తర్వాత వారం రోజులపాటు పొలంలో అడుగు పెట్టనివ్వకండి.

మరొక్క మాట. మందకు ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల (కడుపులోని పురుగుల) మందు వేసిన కొత్తలో ఆ మందు పెంటలోకి కూడా వస్తుంది, పెంటను నేలలోకి దించే పేడపురుగుల పిల్లలను అది చంపుతుంది. ఎప్పుడు మందు వేశారో కాపరిని అడిగి, రెండు మూడు వారాలు గడిచిన మందనే పిలవండి.

డల్లాస్_పల్లెటూరు
నేనుండే టెక్సాస్‌లో కొన్ని పశుక్షేత్రాలను చూశాను. వాటిని విద్యుత్ తీగలతో ముప్పై, నలభై గదులుగా విడదీసి, ఆవుల గుంపును ఒక్కో గదిలో ఒకటి రెండు రోజులు మాత్రమే ఉంచి ముందుకు తోలుతున్నారు. జింబాబ్వేకు చెందిన పర్యావరణవేత్త అలన్ సేవరీ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. ఏనుగుల వల్లే నేల పాడవుతోందని నమ్మి సుమారు 40 వేల ఏనుగులను కాల్చివేయడానికి తన సిఫారసే కారణమైందని, ఆ తర్వాత కూడా నేల బాగుపడకపోవడంతో తన పొరపాటు తెలిసిందని ఆయనే 2013 నాటి ప్రసంగంలో ఒప్పుకున్నారు. గుంపుగా మేసి కదిలిపోయే పశువులు లేకుంటే మెట్టప్రాంతం ఎడారి అవుతుందన్నది ఆయన వాదన. మీరు కంచె వేసి పశువులను పూర్తిగా మానిపిస్తే ఆ పొరపాటునే మళ్లీ చేసినట్టవుతుందని నా భయం.

పెన్నా_పాయ
డల్లాస్ గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. సేవరీ పద్ధతి మామూలు మేపు కన్నా ఎక్కువ గడ్డిని ఇస్తుందని పొలాల్లో జరిగిన ప్రయోగాలన్నీ చూపించలేదు. ఈ పద్ధతితో గాలిలో అదనంగా చేరిన కర్బనాన్ని నేలలోకి దించవచ్చన్న ఆయన మాటనైతే చాలామంది శాస్త్రవేత్తలు అంగీకరించరు. అంతకన్నా ముఖ్యంగా, టెక్సాస్‌లో వేల ఎకరాలకు ఒకే యజమాని ఉంటాడు, తీగ ఎక్కడ లాగాలో అతనే నిర్ణయిస్తాడు. ఇక్కడ పంట కోసిన మరునాటి నుంచి ఊరి పొలాలన్నీ అందరి పశువులకూ మేపు నేలలే. ఈయన తొమ్మిదెకరాల్లో తీగ లాగితే మేపు ఒత్తిడి పక్క పొలం మీద పడుతుంది, అంతే.

వంకగట్టు గారికి కూడా ఒక మాట. మీ గుట్ట నాలుగేళ్లలో తేరుకున్నప్పుడు మీ గొర్రెలు ఎక్కడ మేశాయి?

వంకగట్టు
పక్క ఊరి గుట్ట మీద మేశాయి. అడిగారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను, ఆ గుట్ట ఇప్పుడు మా గుట్ట ఒకప్పుడు ఉన్నట్టే ఉంది.

కొర్రసజ్జ
మంద ఒక్కటే ఈ నేలను లేపలేదు, దానికి ముందు నేలకు ఆచ్ఛాదన కావాలి. మాది ధర్మవరం వైపు నాలుగెకరాలు. ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో చేరి, మా మహిళా సంఘం ద్వారా వానకు ముందు విత్తడం నేర్చుకున్నాను. ఏప్రిల్ చివరలో కంది, అలసంద, ఉలవ, పెసర, అనుము, కొర్ర, సజ్జ, ఆముదం, నువ్వు ఇలా పదిహేనుకు పైగా రకాల గింజలను బీజామృతంలో (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన ద్రావణం) తడిపి, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడతో చేసిన పొడి ఎరువు) పట్టించి గుళికలుగా చేసి పొడి నేలలోనే వేస్తాం. మట్టి పూత ఉన్నందువల్ల చీమలు ఎత్తుకుపోవు, చిన్న చినుకుకు తొందరపడి మొలిచి చావవు. మే నెలలో ఒక వాన పడితే పొలం ఆకుపచ్చగా మారుతుంది. అసలు పంట వేసే నాటికి దానిలో కొంత పశువులకు మేపుతాం, కొంత నేల మీదే కప్పుతాం.

మొదటి ఏడాది నా పొలంలో సగం గింజలు కూడా మొలవలేదు, అత్తగారు ఇది పిచ్చిపని అన్నారు. రెండో ఏడాది వానపాముల మట్టికుప్పలు కనిపించాయి. మూడో ఏడాది జులైలో ఇరవై ఆరు రోజులు వాన లేకపోయినా మా కంది వాడలేదు, గట్టుకు అవతలి వేరుశనగ మాత్రం తలలు వాల్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతి వచ్చినప్పుడు మా సంఘంలోని ఆడవాళ్లందరం అది మాకే వచ్చినట్టు సంతోషించాం.

కంబళి_మంద
కొర్రసజ్జ అక్కా, మీరు కప్పే ఆ పచ్చనిదాన్ని చూస్తే మా గొర్రెలు ఆగవు. అందుకే ముందుగా మాట్లాడుకోవాలని చెబుతున్నాను.

చెరువుకట్ట
ఇంతవరకూ ఎవరూ చెరువు మాట ఎత్తలేదు. మాది వంక దిగువన ఉన్న ఆయకట్టు. పై పొలాల్లో కందకాలు, నీటికుంటలు, చెక్ డ్యాములు వచ్చిన కొద్దీ మా చెరువుకు వచ్చే నీళ్లు తగ్గుతూ వచ్చాయి. పైవాళ్లు బాగుపడకూడదని నేను అనడం లేదు. అయితే 'వాన నీటిని ఎక్కడికక్కడే ఆపుదాం' అనే మాటలో దిగువ రైతు నష్టం దాగి ఉందని గుర్తించమని కోరుతున్నాను. అనంతపురానికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది, అదే నీటిని అందరం పంచుకోవాలి.

నీటిలెక్క
చెరువుకట్ట గారి బాధలో న్యాయం ఉంది కనుక లెక్కలోకి దిగుదాం. ఒక ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు లక్ష లీటర్లు. తొమ్మిదెకరాలకు ఒక్క వానతో తొమ్మిది లక్షల లీటర్లు వస్తాయి. ఇందులో సగం పారిపోతోందనుకుంటే, అది మట్టిని కూడా వెంట తీసుకెళ్తుంది, ఆ మట్టే చెరువులో పూడికగా చేరుతుంది. నేల పీల్చుకున్న నీటిలో కొంత వేరుకు, కొంత భూగర్భానికి పోతుంది. మిగతాది ఆగి ఆగి, బురద లేకుండా వంకలోకి ఊరుతుంది. అయితే పైన నిలబెట్టిన నీటిని పైవాళ్లే బోరుతో తోడి టమాటకో చీనీ తోటకో పెడితే దిగువకు వెళ్లేది ఏమీ ఉండదు. చెరువును ఎండబెడుతున్నది కందకమా, కందకం చూసుకొని వేసిన కొత్త బోరా అన్నది ఊరు ఊరుకూ విడిగా చూడాలి.

ఈ జిల్లాలో దానికి ఒక పద్ధతి ఇదివరకే నడిచింది. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సహాయంతో ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే వానను, బోర్ల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు కూర్చొని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత కావాలో లెక్క వేసుకున్నారు. ఆ పథకంలో ఎవరికీ బోరుకు రాయితీ ఇవ్వలేదు, ఎవరినీ నిర్బంధించలేదు. గోడ మీద రాసిన అంకెలు చూసి చాలామంది వరి మానుకున్నారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంలో కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని ఉన్నా, చట్టం ఆపిన బోర్ల కన్నా ఆ గోడ మీది అంకెలు ఆపినవే ఎక్కువని నా నమ్మకం.

ఎర్రనేల_తొమ్మిదెకరాలు
మా వంక కింద కూడా చెరువు ఉంది, దాని సంగతి నేను ఆలోచించనేలేదు. పూడిక మట్టిని నా పొలానికి తోలుకుంటే ఇద్దరికీ మేలు జరుగుతుందా?

చెరువుకట్ట
జరుగుతుంది, మీ పొలం నుంచి పోయిన మట్టే అది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ అనే చెరువుల పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం పూడిక తీయిస్తే రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. మా తమ్ముడు ఎకరాకు నలభై ట్రాక్టర్లు వేశాడు, ఆ మడిలో పదును మిగతా మడుల కన్నా వారం రోజులు ఎక్కువ ఆగుతోంది. పంచాయతీలో అడిగి, చెరువులో ఒకేచోట గొయ్యి పడకుండా, పైపొరను సమంగా తీయించండి.

టింబక్టు_చూసొచ్చాను
పెన్నా_పాయ గారు అడిగిన ప్రశ్నకు, అంటే ఒక గుట్టను మూస్తే మంద ఎక్కడికి పోవాలన్న దానికి, మన జిల్లాల్లోనే ఒక జవాబు ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడుతో మొదలైంది. తర్వాత చుట్టుపక్కల పల్లెలతో కలిసి కల్పవల్లి అనే వేల ఎకరాల ఉమ్మడి భూమిని కాపాడటం ప్రారంభించారు. అక్కడ నాటిన మొక్కల కన్నా మంట పెట్టకుండా, నరకకుండా కాపాడినందువల్ల లేచిన గడ్డి, చెట్టు ఎక్కువ. వంకల వెంట ఈత చెట్లు తిరిగి వచ్చాయి, ఈతాకుతో చాపలు, చీపుర్లు అల్లి బతికే వాళ్లున్నారు. నేను వెళ్లినప్పుడు అక్కడ గొర్రెలు మేస్తున్నాయి. గొర్రెలను తరిమి అడవిని పెంచలేదు, గొర్రెల కాపరులతో మాట్లాడుకొని పెంచారు.

అయితే అదే భూమి రెవెన్యూ రికార్డుల్లో బంజరుగానే ఉండిపోయింది. దాంతో గాలిమరలు వచ్చాయి, వాటి కోసం కొండలను కోసి రోడ్లు వేశారు, ఇరవై ఏళ్లు కాపాడిన వాలులు కోతకు గురయ్యాయి. ఉమ్మడి భూమిని బాగు చేసే ఊళ్లు ముందుగా కాగితం మీద కూడా దాన్ని కాపాడుకోవాలని ఆ రోడ్లు చూసినప్పుడు నాకు బాగా అర్థమైంది.

పెన్నా_పాయ
ఇదే నేను వినాలనుకున్న మాట. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు ఉన్నాయి. గొర్రెలను పంచే పథకాలు వచ్చినంత వేగంగా వాటి మేత భూముల మాట ఎవరూ ఎత్తలేదు.

వంకగట్టు
మందకు నేను ఒప్పుకున్నా ఒక ప్రమాదం ఉంది. వేసవిలో గొర్రెలు తినేది ఎక్కువగా సర్కారు తుమ్మ కాయలే. ఆ గింజలు అరగకుండా పెంటలో వస్తాయి. ఒకసారి మంద కట్టిస్తే పొలమంతా తుమ్మ మొలకలు లేస్తాయి.

కంబళి_మంద
ఇది నిజం, కాదనను. వచ్చే ముందు కొన్ని రోజులు కంది, శనగ మోళ్ల మీద మేపిన మందను అడగండి. అయినా కొన్ని మొలుస్తాయి, మొదటి వానకు జానెడు ఎత్తులో ఉన్నప్పుడే వేరుతో లాగేస్తే సరిపోతుంది, ఏడాది ఆగితే గడ్డపారకు కూడా రాదు.

నీటిలెక్క
ఎర్రనేల గారూ, ఏం చేసినా ముందు ఒక కొలత తీసుకోండి, లేకుంటే రెండేళ్ల తర్వాత మీకు మిగిలేవి అభిప్రాయాలే. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం ముక్కను మూడు వేళ్ల లోతు నేలలోకి కొట్టి, అందులో సుమారు 440 మిల్లీలీటర్ల నీరు పోయండి. అది 25 మిల్లీమీటర్ల వానతో సమానం. ఇంకేందుకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. పొలంలో మూడు చోట్ల, గట్టు మీద చెట్టు కింద ఒక చోట చేయండి.

ఎర్రనేల_తొమ్మిదెకరాలు
చేశాను. పొలంలో మూడు చోట్ల 41, 52, 47 నిమిషాలు పట్టింది. గట్టు మీది కానుగ చెట్టు కింద, మా నాన్నగారు ఎన్నడూ దున్నని చోట, నాలుగు నిమిషాలే పట్టింది. గడియారం తప్పేమోనని రెండుసార్లు చేశాను. నేల ఒకటే, మధ్య దూరం పదిహేను అడుగులే. చాలాసేపు ఆ చెట్టు కిందే కూర్చుండిపోయాను.

పశువైద్యుడు_విశ్రాంత
మీ నేల ఎలా ఉండగలదో ఆ నాలుగు నిమిషాలు చెబుతున్నాయి. ఆకు రాలిన చోట, నాగలి పడని చోట మట్టి ఇంకా బతికే ఉంది.

ఎర్రనేల_తొమ్మిదెకరాలు
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. చిన్నాన్నను, పక్క పొలం ఆయనను, ఏటా మా ఊరికి వచ్చే మంద పెద్దను మా వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. ఏప్రిల్‌లో వాన పడకముందే మంద మూడెకరాల్లో వంతులవారీగా పన్నెండు రాత్రులు పడుకుంటుంది. రాత్రికి ఇంత డబ్బు, కాపరులకు రెండు పూటలా అన్నం. ఆ తర్వాత అదే మూడెకరాల్లో కొర్రసజ్జ గారు చెప్పిన గుళికలు వేస్తాను. మొలిచాక నలభై ఐదో రోజు వరకు ఏ గొర్రె రాదు, ఆపైన సగం పొలంలో రెండు రోజులు మేపి, మిగతా సగాన్ని నేల మీదే కప్పుతాను. మరో మూడెకరాలకు పూడిక మట్టి తోలిస్తాను. మిగిలిన మూడెకరాలను పక్క పొలం ఆయన కోరిక ప్రకారం కంచె వేసి వదిలేస్తాను, మూడింటిలోనూ ఏడాదికి రెండుసార్లు గొట్టంతో కొలుస్తాం. కొత్త బోరు వేయను. వాలుకు అడ్డంగా గట్లు వేస్తాను గాని, వంకకు అడ్డంగా ఏమీ కట్టను.

గింజల్లో కంది, అలసంద, ఉలవ, జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం కలిపి పెట్టాను. జొన్న మేతకు బాగుంటుందని కాస్త ఎక్కువే వేశాను.

పశువైద్యుడు_విశ్రాంత
జొన్న తీసివేయండి. మొలిచిన తర్వాత వాన ఆగిపోతే, వాడిన లేత జొన్నలో నాము, అంటే సైనైడ్ విషం, చేరుతుంది. మేపుకు వదిలిన గంటలోపే గొర్రెలు నురగలు కక్కి పడిపోతాయి, మందు అందించే వ్యవధి కూడా ఉండదు. మీ ఊళ్లో మే వాన తర్వాత ఎండ కాయడం మామూలే కనుక ఇది దాదాపు ప్రతి ఏడూ ఎదురయ్యే ప్రమాదం. అలాగే పచ్చి అలసంద, పెసర మీదకు ఆకలిగా ఉన్న మందను తోలితే కడుపు ఉబ్బుతుంది. ముందు కొంత ఎండుమేత పెట్టి, మంచు ఆరిన తర్వాతే వదలమనండి.

కంబళి_మంద
డాక్టరు గారి మాట వినండి. నాముకు మా పెదనాన్న ఒకే మధ్యాహ్నం ముప్పై ఒక్క గొర్రెలను పోగొట్టుకున్నాడు, ఆ ఏడాది ఇంట్లో పెళ్లి ఆగిపోయింది.

ఎర్రనేల_తొమ్మిదెకరాలు
గింజలన్నీ చాప మీద పోసి, అమ్మ, నేను కూర్చొని జొన్నలు ఏరుతున్నాం. చేటతో చెరిగినా సజ్జలు విడిగా రావడం లేదు కనుక చేత్తోనే ఏరాల్సి వస్తోంది. జొన్నల స్థానంలో ఇంకో రెండు కిలోల సజ్జలు కలుపుతాను. మంద పెద్దకు ఫోన్ చేసి నట్టల మందు ఎప్పుడు వేశారో అడిగాను, ఉగాదికి ముందు వేశామన్నారు.